అడ్డం పెట్టని ఆట

జూలై 3, సోమవారం

మా కార్డుల ఆటలోకి కొత్త కార్డు వచ్చింది. పేరు మొండికొమ్ము. ఎద్దు కాదు, ఖడ్గమృగం కాదు, రెంటికీ మధ్య ఏదో. బొమ్మలమ్మాయి ఇంకా రంగులు వెయ్యలేదు, పెన్సిలు గీతలే ఉన్నాయి. ఒక కొమ్ము సగానికి విరిగింది. యుద్ధానికి పరిగెత్తే జంతువు కదా, కళ్ళు మాత్రం అప్పుడే నిద్ర లేచినట్టు సగం మూసి పెట్టింది. ఎందుకలా అంటే, "పొద్దున్నే గీశానండీ, నా కళ్ళూ అలాగే ఉన్నాయి" అంది.

కొత్త కార్డు వచ్చినప్పుడల్లా ఏమీ తెలియనిదానిలా మొదటినుంచీ రాసుకోవడం నా అలవాటు. అలా రాస్తేనే లొసుగులు కనబడతాయి. కార్డు అడుగున రెండు అంకెలుంటాయి. మొదటిది దెబ్బ, అంటే అది కొట్టగలిగింది. రెండోది ఓర్పు, అది పడగలిగింది. మొండికొమ్ముకి దెబ్బ ఐదు, ఓర్పు నాలుగు. నా వంతు వచ్చినప్పుడు దాన్ని ముందుకి తోసి, అడ్డంగా పక్కకి తిప్పుతాను. దాడికి వెళ్ళిందని గుర్తు. ఎదుటివాళ్ళు తమ జంతువునొకదాన్ని అడ్డం పెట్టొచ్చు. పెడితే రెండూ ఒకేసారి కొట్టుకుంటాయి, ఓర్పుకి సరిపడా దెబ్బ తిన్నది చస్తుంది. చావకుండా బయటపడ్డదానికి ఆ వంతు అయ్యేసరికి గాయం మానిపోతుంది, మచ్చైనా మిగలదు. అడ్డం పెట్టకపోతే దెబ్బ నేరుగా మనిషికే. ఆడేవాళ్ళిద్దరికీ చెరో ఇరవై ప్రాణం, అందులోంచి ఐదు పోతుంది.

ఇంకోటి. దాడికి వెళ్ళి పక్కకి తిరిగిన జంతువు నా వంతు మళ్ళీ వచ్చేదాకా అలా పడి ఉంటుంది. ఈలోగా నా మీదికి ఎవరొచ్చినా లేచి అడ్డుపడలేదు. ఇదంతా అన్ని జంతువులకీ ఉన్నదే. మొండికొమ్ముకి అదనంగా ఉన్నది ఒక్క వాక్యం: ప్రతి వంతులోనూ దాడి చేసి తీరాలి. ఇష్టమున్నా, లేకపోయినా.

అచ్చుకి వెళ్ళేలోగా ఇలాంటివాటిని ఇంటికి తెచ్చి ఆడి చూడటమే నా ఉద్యోగం. కాగితం ముక్క మీద కార్డు రాసి, పాత కార్డు మీద పెట్టి, ప్లాస్టిక్ తొడుగులోకి దోపుతాం. ఎదురుగా కూర్చునే మనిషి మా అత్తయ్య. ముందు ఆయన కూర్చునేవారు. ఆయన పోయాక ఒక సాయంత్రం నేనొక్కదాన్నే రెండు వైపులా పేర్చుకుని ఆడుకుంటుంటే, అత్తయ్య వచ్చి కొడుకు కుర్చీలో కూర్చుని, "నాకూ పంచు" అన్నారు. అప్పటినుంచి ఏడాది పైనే అయింది.

ఇవాళ మొండికొమ్ము గెలిచింది. ఆఫీసు చీటీలో రాశాను.

వదిన ఫోన్ చేసింది. నెలాఖరు ఆదివారం కారేసుకుని వస్తుందట, అత్తయ్యని తీసుకెళ్ళి తన దగ్గరే పెట్టుకుంటుందట. "తమ్ముడే లేనప్పుడు నీకెందుకమ్మా ఈ బరువు" అంది. మీ ఇష్టం అన్నాను. మంచిదే. వాళ్ళ ఇల్లు పెద్దది, వెనకాల ఎండ పడే వసారా కూడా ఉంది. నాకూ కాస్త తీరిక దొరుకుతుంది.

జూలై 4

గెలిచింది.

జూలై 6, గురువారం

వానలో తడిసి వచ్చి, గొడుగు ఎక్కడ పెట్టారని గుమ్మంలోంచే అరిచాను. గొడుగు నా చేతిలోనే ఉంది, విప్పడం మర్చిపోయానంతే. అత్తయ్య ఏమీ అనలేదు. తువ్వాలు తెచ్చి కుర్చీ మీద పెట్టి వెళ్ళారు.

ఆట మళ్ళీ మొండికొమ్ముదే. అత్తయ్య దగ్గర రాతి తాబేలు ఉంది. దాని దెబ్బ నాలుగు, ఓర్పు ఏడు. కదలకుండా కూర్చుని అడ్డుపడటానికే పుట్టిన కార్డు. దాన్ని మొండికొమ్ము ముందు పెడితే మొండికొమ్ము పని అక్కడితో సరి. ఆవిడ పెట్టలేదు. తాబేలుని చీరకొంగుతో తుడిచి మళ్ళీ దాని చోట్లోనే పెట్టారు, దెబ్బ తను తిన్నారు. ఐదు పోయింది. మళ్ళీ ఐదు. కిటికీ అద్దం మీద ఆవిరి పట్టి వీధి దీపం ఒక పసుపు మరకలా ఉంది. ఆవిడ దానికేసి చూస్తూ, "నీ వంతే, కానీ" అన్నారు.

ఆవిడది పరుగుపందెం ఆట అనుకుంటాను. నువ్వు కొట్టేది నువ్వు కొట్టు, నేను కొట్టేది నేను కొడతాను, ఎవరి ప్రాణం ముందు అయిపోతే వాళ్ళు. అదీ ఒక పద్ధతే. అలా ఆడి గెలిచేవాళ్ళున్నారు.

ఎందుకలా ఆడావని అడగకూడదు. మా ఆఫీసులో గోడకి అంటించిన మొదటి రూలు అదే. అడిగితే ఎదుటి మనిషి నీకోసం ఆడటం మొదలుపెడుతుంది, పరీక్ష పాడైపోతుంది. ఫలితాలు అప్పజెప్పేదాకా నోరు మూసుకోవాలి. ఈ రూలు నాకు ఎముకల్లోకి ఇంకిపోయింది. అన్నం దగ్గర, "వదిన దగ్గరికి వెళ్ళాలని మీకుందా?" అని అడగబోయి ఊరుకున్నాను.

జూలై 7

ఆరు ఆటలు ఆడితే ఆరూ గెలిచిందని చీటీలు చూపిస్తే రూల్సాయన పెన్సిలు కొరకడం మొదలెట్టాడు. ఈ ఆటకి రూల్సన్నీ రాసేది ఆయనే. ఆయన పెన్సిలు చూసి ఆ వారం ఎలా గడుస్తోందో చెప్పొచ్చు. "బలం ఎక్కువైంది" అన్నాడు. దెబ్బ తగ్గించడానికి మనసొప్పలేదు. కొట్టేదే దాని అందం కదా. ఓర్పు నాలుగు కొట్టేసి మూడు రాశాడు.

ఇంటికొచ్చి టీ చల్లారిపోయిందని విసుక్కున్నాను. ఆలస్యంగా వచ్చింది నేనే. అత్తయ్య ఏమీ అనకుండా మళ్ళీ వేడి చేశారు.

జూలై 9, ఆదివారం

మధ్యాహ్నం భోంచేసి అలా ఒరిగానో లేదో నిద్ర పట్టేసింది. కల వచ్చింది.

మా ఇల్లే. కానీ గదులు చాలా ఉన్నాయి, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి, దాన్లోంచి ఇంకోదాన్లోకి, అన్నిటికీ మూసిన తలుపులే. మొండికొమ్ము నడవాలో నడుస్తోంది. వొళ్ళంతా వాన నీళ్ళు. ఇంకా రంగులు వెయ్యలేదు కాబట్టి అది కాగితం తెలుపులో ఉంది, నడిచినచోటల్లా నేల మీద పెన్సిలు పొడి రాలుతోంది. కోపంగా లేదు. ఆగడం చేతకాక నడుస్తోంది అంతే. దాని ముందు అత్తయ్య. తొందరేం లేదు ఆవిడకి. అది తలుపు దాకా వచ్చేలోపు ఆ తలుపు తీస్తున్నారు, పక్కకి తప్పుకుంటున్నారు, అది దాటగానే ముందుకెళ్ళి ఇంకో తలుపు తీస్తున్నారు. దేనికీ గుద్దుకోకుండా అది అలా వెళ్ళిపోతూనే ఉంది. నేను ఎక్కడున్నానో తెలియలేదు. కనబడలేదు నాకు నేను.

మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి జల్లు పడి దిండు తడిసింది. ఎవరో నా మీద దుప్పటి కప్పారు. ఎవరో ఏమిటి, ఈ ఇంట్లో ఇంకెవరున్నారు.

కిటికీ వెయ్యకుండా దుప్పటి కప్పడమేమిటని అన్నాను. అన్నాక, అనకుండా ఉండాల్సింది అనిపించింది. ఆవిడ వెళ్ళి కిటికీ వేశారు.

జూలై 12

ఓర్పు రెండు. గెలిచింది.

ఆయన దీన్ని చూసి ఉంటే ఇష్టపడేవారు. ఆయనా ఇంతే, ఇంట్లో ఒకచోట కూర్చోలేరు, చెప్పులు వేసుకున్నాక ఎక్కడికని ఆలోచించే రకం. అత్తయ్యకి ఇది చూస్తే కొడుకు గుర్తొస్తున్నాడు కాబోలు. అందుకే దాన్ని "దీన్ని" అనకుండా "వీణ్ణి" అంటారేమోనని చెవి వొగ్గి విన్నాను. అనలేదు. అయినా సరే నాకు తెలుస్తుంది.

జూలై 14

వదిన ఫోన్. అమ్మకి గది సర్దించిందట, కర్టెన్లు ఏ రంగు కావాలో కనుక్కోమంది. నేనే కనుక్కోవాలా, అమ్మా కూతుళ్ళు మాట్లాడుకోలేరా. ఫోన్ అత్తయ్య చేతికిచ్చాను. "ఏదో ఒకటి వెయ్యవే, నీకు నచ్చింది" అన్నారావిడ.

దేనికీ కాదనరు. ఎప్పుడూ అంతే.

జూలై 17, సోమవారం

ఓర్పు ఒకటి. ఎవరైనా దాని ముందు తుమ్మితే చస్తుంది.

గెలిచింది.

రూల్సాయన పెన్సిలు సగానికొచ్చింది. "ఇదెక్కడి మొండి ఘటమండీ" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాడట, ఒంటి ఓర్పు జంతువు ఇన్ని ఆటలు గెలవడం చూడలేదట. నాకెందుకో లోపల గర్వంగా అనిపించింది. నాదేం గొప్ప అందులో.

జూలై 20, గురువారం

ఇవాళ ఆఫీసులో అందరం పెద్ద బల్ల చుట్టూ కూర్చున్నాం. మేనేజరు, రూల్సాయన, బొమ్మలమ్మాయి, నేను. అచ్చుకి పంపేలోపు అందరూ ఒకసారి ఆడి చూడటం మామూలే.

నేను మొండికొమ్ముని దింపాను. ముందుకి తోశాను. మేనేజరు మాట్లాడుతూ మాట్లాడుతూనే ఓ ఎలకని అడ్డం పెట్టాడు. దెబ్బ ఒకటి, ఓర్పు ఒకటి ఉండే ఎలక. రెండూ చచ్చాయి. అనుకోకుండా జరిగిందనుకుని మళ్ళీ ఆడాం. ఈసారి బొమ్మలమ్మాయి, తన చేత్తో గీసిన జంతువుని తనే ఓ కప్పతో చంపింది. సాయంత్రం దాకా ఆడాం, ఒక్కసారైనా రెండో దాడి దాకా బతకలేదు.

అందరూ నాకేసి చూశారు. రూల్సాయన నెమ్మదిగా అడిగాడు. "ఇంట్లో మీరు ఎవరితో ఆడతారు?"

"మా అత్తగారితో."

"ఆవిడకి అడ్డం పెట్టడం తెలుసా?"

"మీకంటే బాగా తెలుసు" అన్నాను. గట్టిగానే అన్నాను. బొమ్మలమ్మాయి తల దించుకుంది.

మా చీటీలో మూడే గళ్ళు: ఎవరు గెలిచారు, ఎన్నో వంతులో, ఏ కార్డుతో. ఎదుటివాళ్ళు అడ్డం పెట్టారా లేదా అని రాసే గడి లేదు. ఎవరైనా పెడతారు కాబట్టి ఎవరికీ ఆ గడి అవసరం పడలేదు. నేను రాసిందంతా నిజమే, అందులో పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఓర్పు నాలుగుతో బాగానే ఉన్న జంతువుని నా చీటీలు చూసి ఒకటికి దించారు. మేనేజరు దీన్ని తీసేద్దామన్నాడు. వచ్చే శుక్రవారం అచ్చుకి. ఈలోగా దీనికో దారి దొరికితే సరే, లేకపోతే దీని చోట్లో ఇంకో ఎలక.

చీటీలన్నీ అప్పజెప్పి వచ్చాను. అంటే ఇప్పుడు అడగొచ్చు.

జూలై 21, శుక్రవారం

అడిగాను.

అత్తయ్య వంటింట్లో బటానీలు వలుస్తున్నారు. బయట ముసురు. పగలే దీపం వేసుకున్నారు, ఆ వెలుగులో గిన్నెలో బటానీలు ఏదో నీళ్ళ అడుగున ఉన్నట్టున్నాయి. నేనూ ఒక గుప్పెడు తీసుకుని కూర్చున్నాను.

"అత్తయ్యా, మొండికొమ్ముకి మీరు తాబేలుని అడ్డం పెట్టరెందుకు?"

"పెడితే చస్తుందిగా."

"చస్తే ఆట మీదే కదా."

"ఎవరిక్కావాలమ్మా ఆట."

నాకు తెలుసులే అన్నట్టు గొంతు తగ్గించాను. ఈ మాట కోసం ఆఫీసు నుంచి ఇంటిదాకా తయారవుతూ వచ్చాను. "దాన్ని చూస్తే మీకు ఆయన గుర్తొస్తారు కదూ?"

అత్తయ్య వలుస్తున్న కాయ ఆపి నావైపు చూశారు. నవ్వు వచ్చేసింది ఆవిడకి. కొడుకు పోయాక ఆవిడ నవ్వగా నేను వినలేదు. "వాడా? వాడు దాడికి వెళ్ళే రకమా? బల్లి కనబడితే మంచమెక్కి నన్ను పిలిచేవాడు. అది నువ్వమ్మా."

నేను గుప్పెట్లోంచి ఒక కాయ తీసి మళ్ళీ గుప్పెట్లోనే పెట్టుకున్నాను.

"రోజూ తలుపు తీసేసరికి కొమ్ములేసుకుని వస్తావు. నీకూ ఇష్టం ఉండదు, మొహం చూస్తే తెలుస్తుంది. కానీ రాక తప్పదు, వచ్చేస్తావు. నేను తిరిగి ఒక్క మాట అన్నాననుకో, నీకంత ఓర్పెక్కడుంది, పడిపోతావు. నాకేం, ఇంకా ప్రాణం ఉందిగా, తగలనీ అనుకున్నాను. అలిసిపోయాక నువ్వే పడుకుంటావు."

"ఎన్నాళ్ళని?"

"లెక్క పెట్టుకోలేదు" అని, గిన్నె ఎత్తుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయారు. నా గుప్పెట్లో బటానీలు నా గుప్పెట్లోనే ఉన్నాయి.

జూలై 22

ముందు పేజీలు తిరగేశాను. గొడుగు, టీ, కిటికీ. ఎవరో నాకు తెలియని మనిషి రాసినట్టున్నాయి. "ఏమీ అనలేదు", "ఏమీ అనకుండా" అని ఎన్నిచోట్ల రాశానో.

జూలై 23, ఆదివారం

తెల్లారగట్ల మగత. కల అనాలో ఏమనాలో. నేను బల్ల మీద పక్కకి తిరిగి పడుకుని ఉన్నాను, కార్డులా పల్చగా. చెంప కింద బల్ల చల్లగా ఉంది. అక్కణ్ణుంచి ఇల్లంతా పక్కవాటుగా కనిపిస్తోంది. గుమ్మం నేల మీద పడుకుంది, వాన అడ్డంగా కురుస్తోంది. అత్తయ్య పెట్టె పట్టుకుని గోడ మీద నడుస్తున్నట్టు నడిచి వెళ్ళిపోతున్నారు. ఆగండి అనాలి. అనడానికి లేవాలి. ఇంతకుముందే ఎవరిమీదికో వెళ్ళొచ్చాను, ఇది నా వంతు కాదు, లేవకూడదు.

పూర్తిగా మెలకువ వచ్చాక కూడా కాసేపు అలాగే పడుకుని ఆలోచించాను. ఆవిడ అడ్డం పెట్టరు. నా కోపానికి పెట్టలేదు, వదిన కారుకీ పెట్టరు. కర్టెన్లు ఏదో ఒకటి వెయ్యమన్న మనిషి, ఎక్కమంటే కారెక్కుతారు. ఇష్టమో కాదో ఎవరికీ తెలియదు. అడ్డుపడితే నేనే పడాలి. నేనేమో రోజూ ఇంటికి రాగానే కొమ్ములేసుకుని మీదికి పోయి పక్కకి తిరిగి పడి ఉంటున్నాను.

ఆవిడ లేని ఇల్లు ఊహించుకున్నాను. ఊహించుకోలేకపోయాను. ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉంటే రెండు వైపులా నేనే పేర్చుకోవాలి మళ్ళీ.

జూలై 25, మంగళవారం

రూల్సాయన దగ్గరికి వెళ్ళాను. కొత్త పెన్సిలు పట్టుకుని ఉన్నాడు, అదృష్టం.

"ఓర్పు మళ్ళీ మూడు చెయ్యండి. ఇంకో వాక్యం కలపండి. ఎదుటివాళ్ళు అడ్డం పెట్టకుండా దెబ్బ తామే తింటే, మొండికొమ్ము లేచి నిలబడుతుంది. ఆ తర్వాతి వంతులో దాడికి వెళ్ళక్కర్లేదు. ఇంటి దగ్గర ఉండి కాపలా కాయొచ్చు."

ఆయన ఆ వాక్యం రాసుకుని, దాని కింద గీత గీశాడు. "అంటే ఎదుటి మనిషికి పెద్ద చిక్కే. అడ్డం పెట్టి చంపాలా, దెబ్బ తిని దాన్ని ఇంటికి పంపాలా."

"అవును."

"ఎక్కడొచ్చిందండీ ఈ ఆలోచన?"

"ఇంట్లో" అన్నాను.

నలుగురం ఆడాం. కొన్ని ఆటలు చచ్చింది, కొన్ని గెలిచింది, ఒక ఆటలో చివరిదాకా ఇంటిముందు నిలబడి మేనేజరు డ్రాగన్‌ని ఆపేసింది. మేనేజరు ఉంచేద్దామన్నాడు. బొమ్మలమ్మాయి రంగులు మొదలుపెట్టింది. కళ్ళు తెరిపించనా అని అడిగింది. వద్దన్నాను.

జూలై 27

కార్డు సంగతి తేలింది. నా సంగతి తేలలేదు.

వచ్చీరాగానే ఏమీ అనకూడదని మెట్ల దగ్గరే ఒట్టు పెట్టుకుని లోపలికొచ్చాను. చెప్పులు విప్పి, గొడుగు దాని చోట్లో పెట్టి, టీ తాగి, కప్పు కడిగాను. అత్తయ్య వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. "జ్వరమేం లేదే" అన్నారు.

ఉండిపోండి అని ఒక్క మాట. ఇవాళ, రేపు అని వాయిదా వేస్తున్నాను. ఉండమనడానికి నాకేం హక్కు? కొడుకు ఉంటే కోడలు. ఇప్పుడు నేనేం అవుతానో ఆవిడకి. ఉండనంటే? అదే అసలు భయం. రాశాను కదా, ఇక చాలు.

జూలై 29, శనివారం

అత్తయ్య సర్దుకుంటున్నారు. చీరలు మడిచే చప్పుడు ఇంత మెత్తగా ఉంటుందని తెలియదు నాకు.

రేపు. మంచిదే.

మంచిదే అన్న మాట కొట్టేశాను.

జూలై 30, ఆదివారం

వదిన తొమ్మిదింటికే వచ్చేసింది. వాన వెలిసింది, అయినా గాల్లో ఇంకా తడి ఉంది, వీధంతా కడిగి ఆరబెట్టినట్టుంది. వదిన టీ తాగుతూ దారి గురించీ, గుంటల గురించీ, కొత్త కర్టెన్ల గురించీ చెప్పింది. అత్తయ్య వింటున్నారు. పెట్టె గుమ్మం పక్కన, చేతిసంచి దాని మీద.

"అన్నీ పెట్టుకున్నావా అమ్మా?"

"ఆఁ."

"అయితే బయల్దేరదాం" అని వదిన కప్పు కింద పెట్టింది. పెట్టె తీసుకెళ్ళి కారులో పెట్టింది. సంచి కోసం తిరిగొచ్చింది. అప్పటికీ నేను బల్ల అంచు పట్టుకుని నిలబడే ఉన్నాను.

"అత్తయ్య ఇక్కడే ఉంటారు, వదినా" అన్నాను. అరవలేదు. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

వదిన తెల్లబోయింది. "అదేమిటి? నెలరోజుల్నుంచీ అనుకుంటున్నదేగా. నువ్వే మీ ఇష్టం అన్నావు."

"అన్నాను. అబద్ధం."

"చూడమ్మా, నీ మంచికే చెప్తున్నాను. నీకింకా వయసుంది. రేపు నీ దారి నువ్వు చూసుకోవాల్సి వస్తుంది. అప్పుడు అమ్మని ఏం చేస్తావు? ఏ లెక్కన పెట్టుకుంటావు?"

వదినకి దీటుగా జవాబు చెప్పడం నాకు చిటికెలో పని. నోట్లో నాలుగు మాటలు తయారుగా ఉన్నాయి కూడా. ఒక్కటీ అనలేదు. "లెక్కలు నాకు తెలీదు వదినా. నాకు ఆవిడ కావాలి. ఆవిడ లేకపోతే ఈ ఇంట్లో నేను ఉండలేను" అన్నాను. ఏడుపు వచ్చేసింది. తుడుచుకోలేదు.

వదిన అత్తయ్య వైపు చూసింది. నేను చూడలేకపోయాను. ఆవిడ ఎప్పటిలా "ఏదో ఒకటి చెయ్యండే" అంటారనుకున్నాను. అలా అంటే వెళ్ళిపోయినట్టే.

"కావాలా?" అన్నారు అత్తయ్య.

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. తలెత్తాను. ఆవిడ మొహం ఎర్రగా ఉంది.

"ఏడాదిగా నేను ఇంట్లో ఉన్నానో లేనో చూడని మనిషికి ఇవాళ కావాలా? కారు గుమ్మంలోకి వచ్చాకా కావాలి? ఈ నెలంతా నోరు ఎక్కడ పెట్టుకున్నావు? రాత్రిళ్ళు నిద్ర పట్టక నీ గది ముందు తిరిగేదాన్ని. వినబడాలనే దగ్గేదాన్ని. ఏం కావాలి అత్తయ్యా అని ఒక్కసారన్నా తలుపు తీశావా?"

"నేను ఏడుస్తూ ఉన్నాను లోపల" అన్నాను. "మీ ముందు ఏడిస్తే మీరు తట్టుకోలేరని."

"నన్నడిగావా తట్టుకుంటానో లేదో?"

"మీరు అడిగారా నన్ను? ఏమన్నా పడ్డారు. ఒక్కసారి తిరిగి అంటే ఆగేదాన్ని. మీరు ఊరుకుంటుంటే నాకు ఇంకా కోపం వచ్చేది."

"ఓహో, ఊరుకోవడం నా తప్పయింది."

"అయింది. సగం మీదే."

"అమ్మా" అంది వదిన. ఎవరూ పట్టించుకోలేదు. మా గొంతులు వీధిలోకి వినబడుతున్నాయని తెలుసు. పక్కింటివాళ్ళ కిటికీ తెరుచుకున్న చప్పుడు కూడా విన్నాను. ఆవిడ ఒక మాట, నేనొక మాట. ఒక్కొక్కటీ ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పడిపోతాననుకున్నాను. పడిపోలేదు. ఆవిడా నిలబడే ఉన్నారు.

అప్పుడు ఆవిడ గొంతు సన్నబడింది. "వాడి చొక్కాలు" అన్నారు. "వాడు పోయిన వారానికి వాడి చొక్కాలన్నీ మూటగట్టి ఎవరికో ఇచ్చేశావు. కన్నతల్లిని. నన్నొక్క మాట అడిగావా?"

ఏడాదిగా ఈ మాట ఆవిడ లోపల ఉందని నాకు తెలియదు. "బీరువా తెరిచినప్పుడల్లా ఆయన వాసన వచ్చేది అత్తయ్యా. నాకు ఊపిరి ఆడేది కాదు" అన్నాను. "మీకూ కావాలని నాకు తోచలేదు."

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. ఇద్దరం ఏడ్చాం. ఎంతసేపో తెలీదు. వీధిలో ఎండ వచ్చింది, పోయింది. వదిన చేతిసంచి పట్టుకుని గుమ్మం మధ్యలో నిలబడిపోయింది. లోపలికి రావాలో, కారు దగ్గరికి వెళ్ళాలో తేల్చుకోలేకపోయింది పాపం. చివరికి మెల్లగా, "అయితే అమ్మా, నేను... బయల్దేరదామా మరి?" అంది.

అత్తయ్య ముక్కు తుడుచుకున్నారు. "ఆ సంచి లోపల పెట్టవే. నాకింకా అయిపోలేదు దీంతో" అన్నారు.

వదిన కాసేపు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. సంచి గదిలో పెట్టి, పెట్టె కోసం కారు దగ్గరికి వెళ్ళింది.

అత్తయ్య కొంగు సర్దుకుని నావైపు తిరిగారు.

"ఎక్కడిదాకా వచ్చాం?"

"చొక్కాల దగ్గర" అన్నాను.